నా జవాబు పత్రం నాది

మూడు గంటలు తల వంచుకుని రాసిన పేజీలు ఆఖరి గంట కొట్టగానే ఎవరి సొత్తు? ఈ దేశంలో వృత్తి పరీక్షలు, ఉద్యోగ పరీక్షలు పెట్టే సంస్థలు దాదాపు అన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయి: మా సొత్తు. రాసినవాడి చేతిలో మిగిలేది హాల్‌టికెట్టు, కొన్నాళ్ల తర్వాత వచ్చే ఒక అంకె. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే దరఖాస్తు పెట్టమంటారు. దరఖాస్తు పెడితే ఫీజు కట్టమంటారు. ఫీజు కట్టబోతే గడువు దాటిందంటారు. దీన్ని పద్ధతి అనడానికి నాకు నోరు రావడం లేదు. ఇది దౌర్జన్యం. దిద్దిన జవాబు పత్రం నకలు ఫలితంతోపాటే, అడగకుండానే, పైసా తీసుకోకుండా అభ్యర్థి చేతికి రావాలి. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా ఆ మాటకు సాక్ష్యం.

నేనుండేది చాదర్‌ఘాట్‌లో. మూసీకి అటు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్. ఇటు కోఠి, ఆబిడ్స్, నాంపల్లి. మా వంతెన దాటే ఏ బస్సు ఎక్కినా పరీక్షల పిల్లలు కనిపిస్తారు. భుజాన బ్యాగు, ఒళ్లో మెటీరియల్, పెదవులు కదుపుతూ గొణుక్కునే చదువు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి కోఠి పుస్తకాల దుకాణాలకు, అక్కడి నుంచి నాంపల్లి ఆఫీసులకు వాళ్ల తిరుగుడు. ప్రతిభా భవన్‌లో పబ్లిక్ సర్వీస్ కమిషన్. విద్యా భవన్‌లో ఇంటర్ బోర్డు. కాస్త పైకి వెళ్తే రెడ్‌హిల్స్‌లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ హైదరాబాద్ శాఖ. ఇటు వెనక్కి వస్తే కోఠి సుల్తాన్‌బజార్‌లో రాష్ట్ర వైద్య మండలి. ఒక తరం తెలుగు పిల్లల బతుకులు ఏ దారిన పోవాలో తేల్చే గుమ్మాలన్నీ కాలినడకన తిరిగి రాగలిగేంత దూరంలో ఉన్నాయి. ఆ గుమ్మాల ముందు నిలబడి ‘సార్, నా పేపరు ఒక్కసారి చూపించండి’ అని అడిగే పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తున్నాను. వాళ్లు దానం అడగడం లేదు. తమ చేత్తో తాము రాసింది అడుగుతున్నారు.

ఈ దేశపు సర్వోన్నత న్యాయస్థానం ఈ విషయం ఎప్పుడో తేల్చింది. 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్, జస్టిస్ ఎ.కె. పట్నాయక్ ధర్మాసనం, దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కింద ‘సమాచారమే’ అని, రాసిన విద్యార్థికి దాన్ని చూసే హక్కు, నకలు తీసుకునే హక్కు ఉన్నాయని తీర్పు చెప్పింది. దిద్దినవారి పేర్లు, సంతకాలు బయటపడకుండా చూసుకోమని జాగ్రత్త కూడా అదే చెప్పింది. మరుసటి నెలలోనే అదే ధర్మాసనం చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు సంబంధించిన శౌనక్ సత్య కేసు విచారించింది. ఆ సంస్థ అడిగిన మినహాయింపుల్లో కొన్నిటిని ఒప్పుకుంటూనే, పరీక్షలు పెట్టే సంస్థలు పాత మనస్తత్వాలు వదులుకుని వీలైనంత ఎక్కువ సమాచారం బయటపెట్టే కొత్త కాలానికి అలవాటు పడాలని హితవు చెప్పింది. 2016లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులోనూ సుప్రీంకోర్టు, పేర్లు దాచి జవాబు పత్రాల నకళ్లు ఇవ్వాల్సిందేనంది.

మరి అంత స్పష్టంగా తీర్పులుంటే నాంపల్లిలో పిల్లలు ఇంకా ఎందుకు నిలబడుతున్నారు? ఎందుకంటే 2018 ఫిబ్రవరిలో యూపీఎస్సీ వర్సెస్ అంగేష్ కుమార్ కేసులో అదే సుప్రీంకోర్టు మరో ధర్మాసనం ద్వారా మరో మాట చెప్పింది. పారదర్శకతను గోప్యతతోనూ, వనరుల వాడకంతోనూ తూచి చూడాలని, సివిల్స్ పరీక్ష వివరాలను యాంత్రికంగా ఇచ్చేయమని ఆదేశించలేమని అంది. అప్పటి నుంచి ఇవ్వడం ఇష్టంలేని ప్రతి అధికారికీ ఆ తీర్పే డాలు. 2011 తీర్పు చూపించి అడిగినవాడికి 2018 తీర్పు చూపించి తలుపు వేస్తారు. హక్కు ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక నిరుద్యోగి హైకోర్టు మెట్లెక్కాలి, లాయరు ఫీజు తేవాలి, వాయిదాలకు తిరగాలి. తీర్పుల మధ్య నలిగే హక్కును హక్కనలేం. అందుకే నేను కోర్టుల మీద ఆశ పెట్టుకోమనడం లేదు. చట్టంలో, నిబంధనల్లో, నోటిఫికేషన్‌లో రాసిపెట్టమంటున్నాను.

ఇదే తగువు మరో దేశంలో ఎలా తేలిందో చూడండి. ఐర్లాండ్‌లో పీటర్ నోవాక్ అనే ట్రైనీ అకౌంటెంట్ ఒక వృత్తి పరీక్షలో పదేపదే తప్పాడు. 2009లో మరోసారి తప్పాక, నా జవాబు పత్రం నాకివ్వండని అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థను అడిగాడు. అతని గురించి తమ దగ్గరున్న వేరే కాగితాలు ఇచ్చారు గాని, జవాబు పత్రం మాత్రం వ్యక్తిగత సమాచారం కాదంటూ ఇవ్వలేదు. అతను వదల్లేదు. ఆ కేసు దేశపు కోర్టులన్నీ దాటి యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి చేరింది. 2017 డిసెంబర్ 20న ఆ న్యాయస్థానం, అభ్యర్థి రాసిన జవాబులు అతని వ్యక్తిగత సమాచారమేనని, వాటి మీద పరీక్షకుడు రాసిన వ్యాఖ్యలు కూడా అతని సమాచారమేనని చెప్పింది. ఒక మనిషి ఎంత నేర్చాడు, ఎలా ఆలోచిస్తాడు, ఎలా తేల్చుకుంటాడు అన్నది ఆ పేజీల్లో ఉంటుంది కాబట్టి అవి అతనివి. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఆ హక్కును అడ్డం పెట్టుకుని పరీక్ష అయ్యాక జవాబులు దిద్దుకోవడం కుదరదని కూడా ఆ న్యాయస్థానమే స్పష్టం చేసింది. చూసే హక్కు వేరు, మార్చే హక్కు వేరు. ఈ తేడా పెద్ద కష్టమైనదేమీ కాదు. మన సంస్థలకే అది కొరుకుడుపడటం లేదు.

ఇక డబ్బు సంగతి. కంపెనీ సెక్రటరీల సంస్థ కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో సబ్జెక్టు జవాబు పత్రం నకలుకు 500 రూపాయలు. సమాచార హక్కు చట్టం నిబంధనల ప్రకారం దరఖాస్తుకు 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. రెండు దారులూ తెరిచే ఉన్నాయని, సమాచార హక్కు దారిన వచ్చినవాడి దగ్గర ఆ చట్టంలోని రుసుమే తీసుకోవాలని సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు మన ఇంటర్ బోర్డు వైపు చూడండి. స్కాన్ చేసిన కాపీతో కూడిన రీవెరిఫికేషన్‌కు పేపరుకు 600 రూపాయలు పుచ్చుకుంటోంది. ఇరవై నాలుగు పేజీల పుస్తకం అనుకుంటే పేజీకి రెండు రూపాయల లెక్కన నకలు ఖరీదు 48 రూపాయలు. మళ్లీ సరిచూసే శ్రమకు వేరే రుసుం పెడితే పెట్టనివ్వండి. వట్టి నకలు మాత్రమే కావాలన్న పిల్లవాడు ఆ 600 ఎందుకు కట్టాలి? ఆటో తోలే తండ్రి, మిర్చి బండి పెట్టుకున్న తల్లి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 మెయిన్స్‌లో రీకౌంటింగ్‌కు పేపరుకు 1,000 రూపాయలు పెట్టింది. రీకౌంటింగ్ అంటే కూడిక సరిచూడటం. కూడిక సరిచూసేది వాళ్లే, సరిగ్గా ఉందని చెప్పేదీ వాళ్లే. వెయ్యి రూపాయలు కట్టినవాడికి మాత్రం కాగితం కనబడదు.

నేను కొన్నేళ్లు కాలేజీలో పాఠం చెప్పాను, స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లాను. లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఎండాకాలం, పెద్ద హాలు, తిరిగీ తిరగని ఫ్యాన్లు, దారంతో కట్టిన బండిళ్లు. మొదటి పేజీలో పేరున్న భాగం చించేసి ఉంటుంది, కోడ్ నంబరు మిగులుతుంది. ఆ కిందనే ప్రశ్నల నంబర్ల గడులు. లోపల మార్జిన్‌లో ఎర్ర సిరాతో వేసిన మార్కును మళ్లీ ఆ గడిలోకి ఎక్కించాలి. పొద్దున్న ఎక్కించినంత శ్రద్ధగా మధ్యాహ్నం భోజనమయ్యాక ఎక్కించలేం. రెండు కాగితాలు అంటుకుపోతాయి. నాలుగో ప్రశ్న సగం రాసి, మిగతా సగం ఆఖరి పేజీలో రాసిన పిల్లాడు ఉంటాడు. ఆ ఆఖరి పేజీ దాకా తిప్పని చెయ్యి ఉంటుంది. దిద్దేవాళ్లు దుర్మార్గులు కారు. వాళ్లు మనుషులు, అలసిపోతారు. మనిషి చేసే పనిలో తప్పు దొర్లుతుందని తెలిసీ, ఆ తప్పును పట్టుకోగల ఒకే ఒక్క మనిషికి, అంటే రాసినవాడికి, ఆ కాగితం చూపించకపోవడమే అన్యాయం. తన పేపరులో ఏ జవాబు ఎక్కడుందో వాడికి తెలిసినట్టు ఏ చీఫ్ ఎగ్జామినర్‌కూ తెలియదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఒక వృత్తి పరీక్ష రాసింది. ఏ సంస్థదో ఇక్కడ అనవసరం. ఒక పేపరులో పాసు మార్కుకు మూడు మార్కులు తక్కువొచ్చాయి. తల్లి దగ్గర డబ్బు తీసుకుని ఫీజు కట్టి నకలు తెప్పించుకుంది. ‘సార్, ఈ పేజీ చూడండి’ అంటూ తెచ్చి నా ముందు పెట్టింది. పేజీ నిండా లెక్క. కింద వర్కింగ్ నోట్. జవాబు చుట్టూ స్కేలుతో గీసిన డబ్బా. ముందు పేజీ మీద టిక్కులున్నాయి, తర్వాతి పేజీ మీదా ఉన్నాయి. ఈ పేజీ మీద టిక్కు లేదు, ఇంటూ లేదు, సున్నా కూడా లేదు. ఎర్ర సిరా తగలనే లేదు. ఆమె ఆ పేజీ నంబరు రాసి అర్జీ పెట్టింది. దిద్దని జవాబుకు మార్కులు కలిశాయి, పాసైంది. ఈలోగా అదే పరీక్షకు మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ఆ నకలు లేకపోతే ‘నాకే రాలేదేమో’ అనుకుంటూ జీవితాంతం తనను తాను తక్కువ చేసుకునేది. ఎంతమంది అలా అనుకుంటూ చదువు మానేశారో ఎవరు లెక్కపెట్టారు?

నాంపల్లి విద్యా భవన్ 2019లో ఏం చేసిందో ఈ రాష్ట్రం మరిచిపోకూడదు. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఫలితాల ప్రాసెసింగ్‌ను గ్లోబరీనా అనే ప్రైవేటు సంస్థకు అప్పజెప్పారు. మూడు లక్షల మందికి పైగా తప్పారు. పరీక్ష రాసిన పిల్లలకు గైర్హాజరు పడింది. తెలుగులో సున్నా వచ్చిన ఒక విద్యార్థినికి, పేపరు మళ్లీ తీసి చూస్తే 99 మార్కులు. రోజుల వ్యవధిలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు విద్యా భవన్ ముందు రోడ్డు మీద కూర్చుంటే పోలీసులు లాగేశారు. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ లోపాలున్నాయని చెప్పింది. ఆ మరణాలన్నిటికీ మార్కుల తప్పులే కారణమని నేననను. ఒక్కటి మాత్రం గట్టిగా అంటాను: చనిపోయిన పిల్లల్లో ఎవరి చేతిలోనూ తన జవాబు పత్రం లేదు. తప్పు తనదా, కంప్యూటరుదా తేల్చుకునే దారి వాళ్లకు ఎవరూ చూపలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ సరిచూశారు. స్కాన్ చేసిన జవాబు పత్రాలను వెబ్‌సైట్‌లో పెట్టారు. తప్పారన్న వెయ్యి మందికి పైగా పిల్లలు పాసయ్యారు. లక్షల పేపర్లు స్కాన్ చేయడం కుదరదు, ఖర్చు భరించలేం, సిబ్బంది లేరు అని అంతకుముందు చెప్పిన మాటలన్నీ ఏమయ్యాయి? ఒక్క నెల తిరిగేసరికి కుదిరింది. కుదరదన్నది అబద్ధమని వాళ్లే రుజువు చేశారు. పిల్లలు పోయాక చేయగలిగిన పని పిల్లలు ఉండగా ఎందుకు చేయరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ విద్యాశాఖ అధికారికీ నాతో ఖర్చుల గురించి మాట్లాడే అర్హత లేదు.

ప్రతిభా భవన్ సంగతికి వద్దాం. 563 గ్రూప్-1 పోస్టులకు 2024 అక్టోబర్ 21 నుంచి 27 వరకు మెయిన్స్ జరిగాయి. 2025 మార్చి 10న మార్కులొచ్చాయి. ఆ వెంటనే మూల్యాంకనం మీద ఆరోపణలు, పిటిషన్లు. సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి జనరల్ ర్యాంకుల జాబితాను రద్దు చేసి, పేపర్లు మళ్లీ దిద్దమని, అది కాకపోతే మెయిన్స్ మళ్లీ పెట్టమని తీర్పు చెప్పారు. అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేసింది. నియామక పత్రాలు అందుకున్నవాళ్లు భయంతో, అందనివాళ్లు అనుమానంతో బతికారు. కమిషన్ తప్పు చేసిందని నేను తీర్పు చెప్పడం లేదు. అది కోర్టుల పని. నేనడిగేది ఒక్కటే: మార్కులొచ్చిన రోజునే మెయిన్స్ రాసిన ప్రతి ఒక్కరి లాగిన్‌లో వాళ్ల జవాబు పత్రాలన్నీ, ప్రతి జవాబుకూ పడిన మార్కుతో సహా ఉండి ఉంటే, హాస్టల్ గదుల్లో పుట్టిన పుకార్లలో ఎన్ని నిలబడేవి? కమిషన్ నిజాయితీగా దిద్ది ఉంటే ఆ నిజాయితీకి వేల మంది సాక్షులు దొరికేవారు. దిద్దకపోతే అది మొదటి రోజే బయటపడేది. ఎటు చూసినా దాచినందువల్ల లాభం ఎవరికి?

దీనికన్నా పాత గాయం గ్రూప్-2. 2015 నోటిఫికేషన్, 2016 నవంబర్‌లో పరీక్ష. ఓఎంఆర్ షీట్ల మీద వైట్‌నర్ పూసి దిద్దారని, డబుల్ బబ్లింగ్ చేశారని తగువు. ఎంపికలు పూర్తయ్యేసరికి 2019. 2025 నవంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ఎంపిక జాబితాను కొట్టేశారు. రోజుల్లోనే డివిజన్ బెంచ్ ఆ తీర్పును ఆపింది. పరీక్ష రాసి తొమ్మిదేళ్లు. డిప్యూటీ తహసీల్దార్లుగా కొలువు చేస్తున్నవాళ్ల మెడ మీద కత్తి, రానివాళ్ల గుండెలో మంట. ఇంత తగువూ దేని గురించి? ఒక కాగితం మీద ఏ చుక్క ఎప్పుడు నల్లబడిందన్న దాని గురించి. ఓఎంఆర్ కింద నకలు కాగితం పెట్టి, హాల్లోంచి బయటికొచ్చేటప్పుడే దాన్ని అభ్యర్థి చేతికిచ్చే పద్ధతి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఉంది. ఒక పలుచటి కాగితం. అది అందరి జేబుల్లో ఉంటే అసలు షీటును తర్వాత ఎవరు ముట్టుకున్నా నకలుతో పోల్చి పట్టుకోవచ్చు.

కేంద్రం 2024లో పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం తెచ్చింది. జవాబు పత్రాలను తారుమారు చేయడం నేరమంది. జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. మంచిదే. కానీ తన జవాబు పత్రం తారుమారైందని అభ్యర్థికి తెలిసేదెలా? తన నకలు తన దగ్గర లేనివాడు దేనితో పోల్చి ఫిర్యాదు చేస్తాడు? నేరానికి శిక్ష రాసి, ఆ నేరాన్ని కనిపెట్టగల కళ్లకు గంతలు కట్టారు.

కోఠిలో వైద్య మండలి దగ్గర మరో రకం పిల్లలు కనిపిస్తారు. చైనాలోనో, కిర్గిజ్‌స్థాన్‌లోనో, ఫిలిప్పీన్స్‌లోనో ఎంబీబీఎస్ చదివొచ్చినవాళ్లు. వాళ్లు ఎఫ్‌ఎంజీఈ అనే అర్హత పరీక్ష పాసైతే తప్ప ఇక్కడ వైద్యం చేయడానికి వీల్లేదు. 300 మార్కులకు 150 రావాలి. ఆ నిబంధన ఉండాల్సిందే. రోగి ప్రాణం ముఖ్యం. కానీ 148 వచ్చినవాడికి ఏ ప్రశ్న తప్పిందో చెప్పరు, తాను పెట్టిన జవాబులు చూపించరు, కీ ఇవ్వరు. తనకు ఫార్మకాలజీ రాలేదో, సర్జరీ రాలేదో తెలియకుండానే మళ్లీ ఆరు నెలల తర్వాతి పరీక్షకు కూర్చుంటాడు. ఈ ఎఫ్‌ఎంజీఈని పెట్టే జాతీయ వైద్య పరీక్షల మండలే నిర్వహించే నీట్ పీజీ విషయంలో 2025 మేలో సుప్రీంకోర్టు, అసలు మార్కులు, ఆన్సర్ కీలు, నార్మలైజేషన్ సూత్రం బయటపెట్టమని ఆదేశించింది. డాక్టరు తన పొరపాటు ఏమిటో తెలుసుకుని మంచి డాక్టరు కావడం రోగికి మేలా, తెలుసుకోకుండా అదృష్టం మీద గట్టెక్కడం మేలా?

ఇక్కడ ఎదుటివాదంలో ఒక మాట నిజం, దాన్ని ఒప్పుకుంటాను. కంప్యూటర్ పరీక్షల్లో ప్రశ్నల నిధి ఉంటుంది. మంచి ప్రశ్నలు తయారుచేయడం కష్టం. అన్నీ బయటపెడితే మళ్లీ వాడలేరు. అలాంటి చోట కనీసం ఒక గదిలో కూర్చోబెట్టి, ఫోన్ బయట పెట్టించి, తన ప్రశ్నలు, తన జవాబులు తనకు చూపించవచ్చు. ఏ సబ్జెక్టులో ఎన్ని తప్పాయో రాసివ్వవచ్చు. కానీ చేత్తో రాసే పరీక్షలకు ఈ సాకు ఏ కొంచెమూ అతకదు. అక్కడ ప్రశ్నపత్రం ఆ రోజు సాయంత్రానికే ఊరంతా తిరుగుతుంది. దాగేది జవాబు ఒక్కటే.

మిగతా సాకులు నిలబడేవి కావు. దిద్దినవారికి ప్రమాదమంటారు: పేరు చించేసి దిద్దించడం ఎలాగో తెలిసినవాళ్లకు, దిద్దినవారి పేరు తీసేసి నకలివ్వడం చేతకాదా? వ్యాజ్యాలు పెరుగుతాయంటారు: ఇప్పుడు చూపించకుండా తగ్గాయా? తమ పేపరు చూసుకున్న పిల్లల్లో ఎక్కువమంది తమ తప్పు తామే గుర్తించి ఊరుకుంటారు, చూడనివాడే కోర్టుకెక్కుతాడు. అందరూ మళ్లీ దిద్దమంటారు అంటారు: నిబంధనలో లేని చోట పునర్మూల్యాంకనం హక్కు కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది, నేను దాన్ని అడగడం లేదు. ఇక 2011 తీర్పులోని ఒక వాక్యాన్ని అధికారులు కంఠతా పట్టారు: సిబ్బందిలో 75 శాతం మంది తమ సమయంలో 75 శాతం సమాచారం ఇవ్వడానికే వెచ్చించే పరిస్థితి దేశానికి అక్కర్లేదు అన్నది. సరిగ్గా అందుకే అడక్కముందే ఇవ్వమంటున్నాను. ఫలితంతోపాటు లాగిన్‌లో పెట్టేస్తే దరఖాస్తూ ఉండదు, ఫైలూ ఉండదు, గుమాస్తా చెయ్యీ తగలదు. కంప్యూటర్ తెర మీద దిద్దే పరీక్షల్లో స్కాన్ ఎలాగూ అయ్యే ఉంది. దాన్ని అభ్యర్థికి చేర్చడానికి కావలసింది ఒక మీట నొక్కే మనసు.

దరఖాస్తు పద్ధతి ఎందుకు పనికిరాదో మన రాష్ట్రమే చెప్పింది. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేరు. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో పేపరు ఇవ్వనన్న అధికారి మీద అప్పీలు చేసుకున్నవాడి గోడు వినే కుర్చీ ఖాళీ. మరోవైపు, జవాబు పత్రం భద్రపరిచే గడువు వరకే దాన్ని అడిగే హక్కు అని 2011 తీర్పే చెప్పింది. ఆ తీర్పు నాటికి సీబీఎస్‌ఈ విషయంలో ఆ గడువు మూడు నెలలు. అప్పీలు ఏళ్లు పడుతుంది, పేపరు నెలల్లో కాలిపోతుంది. గెలిచినవాడికి బూడిద మిగులుతుంది. దీనికి తోడు 2023 నాటి డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచారం నిబంధనను బిగించేసింది. ఎవరి పేపరు వాళ్లే అడిగితే అది పరాయివాళ్ల గుట్టు ఎలా అవుతుంది? ఆ సవరణను చూపించి రాసినవాడికే తలుపు మూసే రోజు రాకముందే నిబంధన రాయించుకోవాలి.

సీబీఎస్‌ఈ 2025లో తన పద్ధతి మార్చుకుంది: ముందు జవాబు పత్రం నకలు, దాన్ని చూశాకే మార్కులు సరిచూడమనడం. ఇంతకాలం గుడ్డిగా ఫీజు కట్టిన పిల్లలు ఇక చూసి కడతారు. అంత పెద్ద బోర్డుకు సాధ్యమైనది నాంపల్లికి సాధ్యం కాదనడం చెల్లదు.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, ఇంటర్ బోర్డులు, సీఏ, సీఎస్, సీఎంఏ సంస్థలు, వైద్య పరీక్షల మండలి తమ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చాలి: దిద్దిన జవాబు పత్రం నకలు ఫలితంతోపాటే అభ్యర్థికి ఉచితంగా ఇవ్వాలి. ఓఎంఆర్ పరీక్షలన్నిటిలో హాలు దాటేముందే నకలు చేతికివ్వాలి. ప్రశ్నల నిధి ఉన్నచోట చూసే అవకాశం కల్పించాలి. ఎవరైనా అడిగిన పేపరును, ఆ తగువు తేలేదాకా ధ్వంసం చేయకూడదు. రాష్ట్ర సంస్థల విషయంలో దీనికి అసెంబ్లీ చట్టం కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు.

పరీక్ష రాసిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట: ఆ జీవో వచ్చేదాకా ఆగకండి. ఫలితం వచ్చిన వారంలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. హాల్‌టికెట్టు నంబరు, పేపరు పేరు, తేదీ రాసి, దిద్దిన జవాబు పత్రం నకలు కావాలని, తగువు తేలేదాకా దాన్ని భద్రపరచాలని స్పష్టంగా అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. పాసైనవాళ్లూ అడగండి; మీ పేపరు బయటికొస్తేనే తప్పినవాళ్లకు పోల్చుకునే దారి ఏర్పడుతుంది. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. పరీక్ష రాసిన వేల మందీ ఒకే వారంలో అడిగితే నిబంధన మార్చక తప్పదు.